నూనె తాగిన బ్రేకులు

పగలు రెండున్నర. కార్తీకం ఆఖరి వారం. తెల్లవారుజామున చలికి దవడలు కొట్టుకున్నాయి, ఇప్పుడేమో షెడ్డు మీది రేకులు కాలిన పెనంలా ఉన్నాయి. పొద్దున ఏడింటికి తాగిన చాయ్ తప్ప నా కడుపులో ఏమీ లేదు. సద్దిగిన్నె గోడకు తగిలించి ఉంది. దాని వైపు చూస్తూ జాకీ పక్కన కూచున్నాను. మా మేస్త్రి సేవ్యా ఒక బండి బ్రేకులు విప్పాడంటే మళ్లీ బిగించేదాకా తినడు, పక్కవాణ్ని తిననివ్వడు. "తిన్నంక చెయ్యి బద్దకమైతది" అంటాడు. అలాంటి మనిషి కింద పని చేయడం నా ఖర్మ.

ఇది జనగామలో సూర్యాపేట రోడ్డు మీద సారయ్య షెడ్డు. నేను మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాణ్ని. నడుం పట్టేశాక ఇక్కడికి వచ్చాను. చక్రాలు విప్పడం, జాకీ ఎత్తడం, బండ్లు కడగడం నా పని. నాలుగో తరగతిలో బడి మానేసినవాడికి ఇంతకంటే ఎవరిస్తారు.

సేవ్యాది దంతాలపల్లి అవతల తండా. యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, చేతులు మాత్రం పెద్దవి, వేరే ఎవరివో తెచ్చి తగిలించినట్టు ఉంటాయి. ఆరు రోజులు షెడ్డు వెనక గదిలో పడుకుంటాడు, ఏడో రోజు తొర్రూరు బస్సెక్కి భార్య సక్రి దగ్గరికి పోతాడు. షెడ్డులో ఇంజన్లు ఒకరు చూస్తారు, కరెంటు పని ఒకరు చూస్తారు. సేవ్యా చూసేది బ్రేకులు ఒక్కటే. ఇంజను బాగు చేసినవాడికి పేరు వస్తుంది. రంగు వేసినవాడికి బక్షీసు వస్తుంది. బ్రేకులు చేసినవాడి ముఖం కూడా ఎవరూ చూడరు. అది తెలిసి కూడా ఈయన ఆ పనే పట్టుకున్నాడంటే తెలివి ఎంతో చూసుకోండి.

పైగా ఆ చేయడం ఒక వేడుక. కొత్త బ్రేకు ప్యాడ్ పెట్టెలోంచి తీస్తే గోటితో గీకుతాడు, వాసన చూస్తాడు, ఎండకు పట్టి తిప్పి చూస్తాడు. పెళ్లిచూపుల్లో పిల్లను కూడా అంతసేపు చూడరు. బిగించాక బండి ఇచ్చేస్తాడా అంటే ఇవ్వడు. పెంబర్తి దాకా తోలి, పోయేటప్పుడు అయిదుసార్లు, వచ్చేటప్పుడు అయిదుసార్లు ఆపి చూస్తాడు. ఒకసారి ఆగితే తెలియదా? బండికి పది మొక్కులు ఉన్నాయా? అని నేను చాలాసార్లు నవ్వాను. ఆయన నా మాట ఎప్పుడూ పట్టించుకోలేదు. అది ఇంకా మంట.

ఆ మధ్యాహ్నం ఎర్ర కారు వచ్చింది. కనపడకముందే వినపడింది. పొగగొట్టం మార్పించినట్టున్నారు, పిడుగులు నములుతున్నట్టు చప్పుడు. నేలకు అంత దగ్గరగా దించించారు కాబట్టి మా షెడ్డు ముందరి స్పీడ్‌బ్రేకర్ దాటడానికి అడ్డంగా తిరిగి, ఒక్కొక్క చక్రమే ఎక్కించి, కడుపు నేలకు గీసుకుంటూ లోపలికి వచ్చింది. అంత బలం ఉన్న కారు, జానెడు ఎత్తు దాటడానికి గర్భిణిలా అవస్థ పడింది.

దిగినవాడి పేరు ధీరజ్. మొగుళ్లపల్లి పటేళ్ల కొడుకు. ఇరవై ఆరేళ్లుంటాయి. హైదరాబాద్‌లో కంప్యూటర్ కొలువు. వారం వారం ఊరికి పోతూ జనగామ మీదుగా వెళ్తాడట. ఇక్కడే సూర్యాపేట రోడ్డులో వాళ్ల అక్క స్పందన అత్తారిల్లు. కారు ఎవరో వాడి అమ్మినది. పరుగు కోసం చేసిన కారు, అబద్ధం చెప్పను, ఇంజను మామూలు కారుకు రెండింతలు లాగుతుంది. కానీ వెనక అద్దం మీద అన్ని బొమ్మలు అతికించి ఉన్నాయంటే వెనక ఏం వస్తుందో కనపడే జాగా లేదు.

"నాయక్, బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతుంది. చూడు జర," అన్నాడు సేవ్యాతో. తండా మనిషి ఎవరైనా ఇలాంటివాళ్లకు నాయకే.

సేవ్యా ముందు చక్రం విప్పించి, డిస్కు అంచున వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. అవతలి చక్రం కూడా అలాగే చూశాడు.

"డిస్కులు అరిగినయి తమ్మీ. ప్యాడ్లల్ల ఇంకా రెండు నెలల సరుకుంది. అయినా డిస్కులు మార్చినప్పుడు అవి గూడ మార్చుకుంటె మంచిది."

"తమ్మి ఏందిరా, పటేల్ అను," అని సారయ్య షెడ్డు లోపలి నుంచి అరిచాడు. సారయ్య అంటే ఎవరు? షెడ్డు యజమాని. మొగుళ్లపల్లి పటేళ్లకు రెండు వరికోత మిషన్లు ఉన్నాయని వినగానే కుర్చీ తుడిచి తెచ్చి వేసిన మనిషి.

ధీరజ్ కుర్చీలో కూచోలేదు. సేవ్యా ముఖం ముందు ఫోను పెట్టాడు. "గివి చూడు. బొక్కల డిస్కులు. గిది రేసులల్ల వాడే ప్యాడ్. ఎంత స్పీడ్ మీద తొక్కినా పట్టు తప్పది. క్యాలిపర్లకు ఎర్ర రంగు ఏపిస్త. చక్రం సందులకెల్లి కనపడాలె."

సేవ్యా ఫోను వైపు చూశాడు, చేతికి తీసుకోలేదు. చేతులకు నల్ల దుమ్ము ఉంది.

"నీ బండి ఏడ తిరుగుతది?"

"రోడ్డు మీద తిరుగుతది. ఇంకేడ తిరుగుతది?"

"ఏ రోడ్డు?"

"హైదరాబాద్ నుంచి మొగుళ్లపల్లి."

"పరకాల దాటినంక గా రోడ్డు మీద ఇప్పుడేమున్నయి?"

ధీరజ్‌కు అర్థం కాలేదు. "ఏమున్నయి?"

"వడ్లు," అన్నాడు సేవ్యా. "సగం రోడ్డు వడ్లు పోసి ఎండబెట్టిన్రు. సగం రోడ్డు మీద నువ్వు పోతవు. అవ్వలు వడ్లు కలబెట్టుకుంట ఎనకకు చూడరు. గీ రేసు ప్యాడ్లు వేడెక్కితెనే పట్టుకుంటయి తమ్మీ. రేసుల పదిసార్లు గట్టిగ తొక్కుతరు, ఎర్రగ కాల్తయి, అప్పుడు పట్టుకుంటయి. నువ్వు పొద్దుగాల ఇంట్లకెల్లి తీసి వాడకట్టు దాటంగనే ఎవలన్న అడ్డమొస్తే గివి సల్లగుంటయి. సల్లగుంటే చెక్కముక్కలే."

"మరి ఏం పెట్టుమంటవు?"

"బొక్కలు లేని సాదా డిస్కు. కంపెనీ వాళ్ల మామూలు ప్యాడ్ల కంటే ఒక్క మెట్టు మంచివి దొరుకుతయి, రోడ్డుకే చేసినయి, సల్లగున్నా పడతయి. బ్రేకాయిల్ మొత్తం మార్చాలె, నీది చాయ్ రంగుకొచ్చింది. గంతే. గంతకు మించి నీకు అక్కర లేదు."

ధీరజ్ నవ్వి సారయ్య వైపు తిరిగాడు. "మీ నాయక్‌కు టిప్పర్లే తెలుసన్నా. గిది పర్ఫామెన్స్ కారు."

"ఆగుడు అన్నిటికీ ఒక్కటే పటేలా," అన్నాడు సేవ్యా.

పటేలా అని ఆయన అన్న తీరుకు సారయ్య ముఖం మాడిపోయింది. ధీరజ్ అక్కడే నిలబడి ఫోనులో సామాను బుక్ చేశాడు. హైదరాబాద్ గదిలో పగలు ఎవరూ ఉండరని మొగుళ్లపల్లి ఇంటి అడ్రసు పెట్టాడు. ఫోనులో తనను చూసే నలభై మంది కోసం వీడియో కూడా తీశాడు, అరిగిన డిస్కు మీద వేలు పెట్టి ఏదో ఇంగ్లీషులో చెప్పాడు. చూసేవాళ్లకు పని లేదు, తీసేవాడికి సిగ్గు లేదు.

కారు పోయాక తినడానికి కూచున్నాం. సేవ్యా జొన్నరొట్టె తుంచి వెల్లుల్లి కారంలో అద్దుకుంటున్నాడు. నాకు ఆకలితో పాటు కోపం కూడా ఉంది.

"ఎందుకన్నా గంత పంచాయితీ? వాని బండి, వాని పైసలు. ఏది తెస్తే అది బిగించి పంపరాదు?" అన్నాను.

ఆయన రొట్టె ముగించి చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత భూపాలపల్లి సంగతి చెప్పాడు. చెప్పింది తక్కువే.

అక్కడ బొగ్గు మోసే టిప్పర్లు నడిపే ఒక కాంట్రాక్టర్ దగ్గర పదకొండేళ్లు చేశాడట. ఒకసారి ఒక టిప్పరు చక్రం లోపల సీలు పోయి, నూనె కారి, బ్రేకు చెక్కలు, అంటే టిప్పర్ల ప్యాడ్లు, నూనె తాగాయి. కొత్తవి లేవు. బండి ఆగడానికి వీల్లేదని కాంట్రాక్టర్ అన్నాడు.

"పెట్రోల్ పోసి అంటుపెట్టిన. అందరం గట్లనే జేస్తుంటిమి. మంట లేసి నూనె కాలిపోతది, చెక్క పొడిగైతది, చూస్తే కొత్త లెక్క. బిగించిన. అయిదు ట్రిప్పులు మంచిగ ఆగింది."

"ఆరోది?"

"పైన నూనెనే కాలుతది భిక్షం. లోపలది లోపల్నే ఉంటది. బండి దిగుడుల వేడెక్కంగనే పైకొస్తది." నీళ్లు తాగాడు. "దేవ్‌సింగ్ తోలుతున్నడు. సక్రి తమ్ముడు. కుడి కాలు మోకాలు కాడికి తీసేసిన్రు."

"నువ్వు కాల్చిన సంగతి తెలిసిందా?"

"కాంట్రాక్టర్‌కు తెల్వది. దేవ్‌సింగ్‌కు తెలుసు. నేను కాల్చేటప్పుడు పక్కన్నే ఉండె. ఇప్పుడు తండల చాయ్ కొట్టు పెట్టుకున్నడు."

"ఏమన్నడు నిన్ను?"

"ఏమనలె. పోయినప్పుడల్లా చాయ్ పోస్తడు."

నిజం చెప్తున్నాను, నాకు ఆ రోజు జాలి రాలేదు. బొగ్గు టిప్పరు ఎక్కడ, పటేలు కొడుకు ఆటబొమ్మ ఎక్కడ. ఎప్పుడో ఒక తప్పు చేశాడు కాబట్టి ఇప్పుడు ఊళ్లో బండ్లన్నిటికీ తానే కాపలా అనుకుంటున్నాడు. నా నడుం నొప్పికి ఏ బస్తా కారణమో నేను వెతుక్కుంటూ కూచున్నానా?

పన్నెండు రోజులకు ఎర్ర కారు మళ్లీ వచ్చింది. ఈసారి పక్క సీట్లో ధీరజ్ వాళ్లమ్మ రుక్మిణమ్మ ఉంది. కూతురింటికి వచ్చిందట. ఒళ్లో అట్టపెట్టె. దాని మీద కొత్త జాకెట్టు గుడ్డ కప్పి ఉంది. చంటిబిడ్డను దించినట్టు రెండు చేతులతో దించింది.

"ఏడున్నడయ్యా మేస్త్రి? గిదిగో, జాగ్రత్త. నేను మంచిగ పూజ చేసి తెచ్చిన," అంది.

ఊళ్లల్లో తెలిసిందే. ఇంటికి ఇనుప సామాను ఏది కొత్తగా వచ్చినా ఊరికే వాడరు. గొర్రు కర్రు వచ్చినా, బోరు మోటరు వచ్చినా, ట్రాక్టరు వచ్చినా నూనె పట్టించి పసుపు రాసి బొట్టు పెట్టాలి. ఆమె కొరియర్ పెట్టె విప్పి, లోపల ఇనుము కనపడితే అదే చేసింది.

సేవ్యా గుడ్డ తీశాడు. నువ్వుల నూనె వాసన గుప్పుమంది. రెండు డిస్కులు పసుపుతో మెరుస్తున్నాయి, వాటి బొక్కల్లో బంతిపూల రెక్కలు ఇరుక్కుని ఉన్నాయి. కింద నాలుగు ప్యాడ్లు. వాటికి ఒక్కో పక్క మూడేసి బొట్లు. సేవ్యా ఒక ప్యాడ్ తీసి గోటితో నొక్కాడు. గోటి వెంట నూనె ఊరింది.

"ఎన్ని రోజులైందమ్మా గిది రాసి?"

"ఐతారం రాసిన. మూడు రోజులు దేవుని కాడ పెట్టిన. పొద్దుకొకపారి రాసిన, తాగుతాంటే రాసిన," అంది ఆమె సంబరంగా. "మస్తు తాగినయి మేస్త్రీ!"

నాకు నవ్వు ఆగలేదు. పక్కకు తిరిగి దగ్గాను. సేవ్యా నవ్వలేదు. ఆమె ముందు గొంతుక్కూచుని, ప్యాడ్‌ను డిస్కుకు రెండు పక్కలా ఆనించి చూపించాడు.

"గిది తిరిగేదమ్మా. గిది తిరిగేదాన్ని పట్టుకునేది. తిరిగేదానికి నూనె రాస్తే తుడుస్తె పోతది. పట్టుకునేదానికి రాస్తే..."

ఆమెకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. చెయ్యి నోటి మీదికి పోయింది. "అయ్యో! పట్టుకునే చేతికి నూనె రాసిన్నా నేను? గట్లయితె బండి జారదా?"

"జారుతదమ్మా."

"ఓరి ధీరజూ, మేస్త్రి చెప్పింది ఇన్నవా? గివి వద్దు బిడ్డా. నేనే చెడగొట్టిన."

ఇరవై ఆరేళ్లొచ్చి, ఫోనులో అన్ని కార్లు చూసినవాడికి ఎక్కనిది ఆమెకు ఎక్కింది. వాడికి మాత్రం వినడానికి చెవులు ఖాళీ లేవు. "మమ్మీ, నువ్వు ఊకో," అన్నాడు. "రేపు మా నాయిన సర్పంచ్ నామినేషన్. పదకొండింటికి ర్యాలీ. ముందల నా బండే ఉండాలె. ఇయ్యాలనే బిగించాలె."

"ఒక్క రోజు ఆగు తమ్మీ," అన్నాడు సేవ్యా. "రేపు మొదటి బస్సుకు హైదరాబాద్ పోయి మంచి ప్యాడ్లు తెస్త."

"ఆగ."

"అయితె డిస్కులు కడిగి కొత్తయే ఏస్త. ప్యాడ్లు మాత్రం నీ పాతయే రుద్ది ఏస్త. రేపటికి మంచిగ పనిచేస్తయి."

"గంత పెట్టి కొత్తయి తెప్పించి పాతయి ఏసుకోవాల్నా? వీడియో గూడ పెట్టిన నేను. దోస్తులు నవ్వరా?"

సేవ్యా నూనె ప్యాడ్‌ను మళ్లీ పెట్టెలో పెట్టాడు. "ర్యాలీల జనం బండికి ఎంత దూరంల నడుస్తరు?"

"దూరం ఏంది? బానెట్ మీద చెయ్యేసే నడుస్తరు. డప్పులోళ్లు బంపర్ ముందలే ఆడుతరు," అన్నాడు ధీరజ్ గర్వంగా.

"గందుకే చెప్తున్న," అన్నాడు సేవ్యా.

ధీరజ్ వాళ్ల నాయినకు ఫోను కలిపి స్పీకర్ పెట్టాడు. అవతల జనం, కండువాలు పంచుతున్న గోల. పెద్దాయన సంగతి మొత్తం వినలేదు. పూజ చేసిన సామాను అన్నంత వరకే విన్నాడు. "నామినేషన్ ముంగట దేవుని సామాను పారేస్తరారా? అపశకునం మాటలు మాట్లాడకు. బిగించి తీసుకరా," అని పెట్టేశాడు. ఊరిని ఏలబోయేవాడి తీర్పు అది.

ఇక సారయ్య ముందుకు వచ్చాడు. కోత మిషన్ల పని ఆయన కళ్ల ముందు తిరుగుతోంది. "గింత దానికి పరేషాన్ ఎందుకు పటేలా? పెట్రోల్ పోసి కాల్చినమంటె నూనె ఉండది, ఏముండది. ముప్పై ఏండ్ల సంది చేస్తున్నం. సేవ్యా, కానియ్యి."

"నేను కాల్చ," అన్నాడు సేవ్యా.

"ఏం, నీ చేతులు అరుగుతయా?"

"నేను కాల్చ సారన్న. నా చెయ్యి పెట్ట."

"పెట్టకు. పక్కకు జరుగు. భిక్షం, పెట్రోల్ డబ్బా తే."

తెచ్చాను. రేకు ముక్క మీద నాలుగు ప్యాడ్లు పరిచి పెట్రోల్ చల్లి అంటించాను. మంట ఎగిసింది. పండుగనాడు సకినాలు వేయించినట్టు కమ్మటి వాసన వచ్చింది. "ముందుగాలనే నామినేషన్ పలారం వండుతున్నం పటేలా!" అని సారయ్య అంటే అందరూ నవ్వారు. రుక్మిణమ్మ నవ్వలేదు. సేవ్యా వైపు చూసింది. ఏదో అనబోయింది. కొడుకు అడ్డుపడి, ఆటో ఎక్కి అక్క ఇంటికి పొమ్మన్నాడు. పోయింది.

మంట ఆరింది. ప్యాడ్లు నల్లగా పొడిగా అయ్యాయి. గరుకు కాగితంతో రుద్దితే నిజంగానే కొత్తవాటిలా ఉన్నాయి. సారయ్య చూపిస్తుంటే నేనే బిగించాను. పానా తిప్పింది నేనే. ధీరజ్ ఎక్కి షెడ్డు ముందర నాలుగు చక్కర్లు కొట్టి, దుమ్ము లేచేలా బ్రేకు వేశాడు. కారు ముక్కు వంచి ఆగింది.

"ఏంది నాయక్, జారిందా?" అని కిటికీలోంచి అరిచాడు.

"బండి జారలేదు, నాయక్ నోరు జారింది," అన్నాడు సారయ్య.

నేను కూడా నవ్వాను. "అన్నా, పెంబర్తి దాకా పోయి పది దండాలు పెట్టుకొస్తవా?" అన్నాను. నవ్వేవాళ్లు ఎక్కువ ఉన్నప్పుడు ఆ పక్కన నిలబడితే ఒంటికి సుఖం.

సేవ్యా మూలన రాయి మీద కూచుని ఒక స్కూటర్ బ్రేకు డ్రమ్ము తుడుస్తున్నాడు. తుడిచిందే తుడిచాడు.

ప్యాడ్లను పట్టి ఉంచే ఇనుప దవడలకు, అవే క్యాలిపర్లకు, ఎర్ర రంగు వేశారు. ఆరడానికి తెల్లవారేదాకా పడుతుందని కారును షెడ్డులోనే వదిలి ధీరజ్ అక్క ఇంటికి పోయాడు. ఆరున్నరకు వచ్చి తీసుకుంటానన్నాడు. పొద్దు గూకేటప్పుడు నేను ఇంటికి బయలుదేరుతుంటే వెనక గది ముందు సేవ్యా ఫోనులో సక్రితో వాళ్ల భాషలో మాట్లాడుతున్నాడు. అందులో నాకు తెలిసిన మాట ఒక్కటే వినపడింది, దేవ్‌సింగ్. రెండుసార్లు అన్నాడు. నన్ను చూసి గొంతు తగ్గించలేదు. నేను లేనట్టే మాట్లాడాడు.

మరుసటి రోజు పొద్దున అయిదున్నరకు షెడ్డు తాళం తీయడానికి వచ్చాను. పొగమంచు రోడ్డంతా కమ్మింది. షట్టరు అప్పటికే సగం లేచి ఉంది. లోపల బల్బు వెలుగుతోంది. ఎర్ర కారు ముందు పక్క జాకీల మీద ఉంది. రెండు చక్రాలూ ఊడి గోడకు ఆనించి ఉన్నాయి.

సేవ్యా నేల మీద అద్దం ముక్క పెట్టి, దాని మీద గరుకు కాగితం పరిచి, పాత ప్యాడ్లను రుద్దుతున్నాడు. అడుగు చదునుగా వచ్చేదాకా రుద్ది, బల్బుకు పట్టి చూసి, మళ్లీ రుద్దాడు. నేను కాల్చి బిగించిన నాలుగూ పక్కన పాత పేపరు మీద ఉన్నాయి. పేపరు మీద నాలుగు నూనె మరకలు తేలాయి. రాత్రే విప్పి పెట్టినట్టున్నాడు, ఏ వేడీ లేకుండానే తేలాయి.

"అన్నా, సారన్న చూస్తే నిన్ను బతకనియ్యడు," అన్నాను.

ఆయన ప్యాడ్ల దుమ్ము ఊదాడు. డిస్కులు తుడిచాడు, పాత ప్యాడ్లు దూర్చాడు, క్యాలిపర్ దించి బోల్టులు బిగించాడు. నేను అక్కడే నిలబడ్డాను. సారయ్యకు ఫోను చేయొచ్చు. ఫోను జేబులోనే ఉంది. చేస్తే నాకు మంచి పేరే వచ్చేది.

కొత్తగా ప్యాడ్లు దూర్చాక ఒకరు లోపల కూచుని బ్రేకు తొక్కాలి, ఒకరు కింద చూడాలి. ఒక్క మనిషితో అయ్యే పని కాదు. సేవ్యా లేచి నా వైపు చూసి, డ్రైవర్ సీటు వైపు వేలు చూపించాడు.

నేను ఎక్కి కూచున్నాను. ఆయన వేలు దించితే తొక్కాను, ఎత్తితే వదిలాను. మొదట పెడల్ ఉత్తగా కిందికి పోయింది. ఏడోసారికి గట్టిపడింది. ఆయన అరచేయి చూపించాడు, చాలు అని.

చక్రాలు నేను బిగించాను. ఆయన ఎక్కి కారును మంచులోకి తీసుకుపోయాడు. అంత చప్పుడు చేసే కారు ఆయన చేతిలో మెల్లగా పోయింది. పావుగంటకు తిరిగొచ్చాడు. పది ఆపులూ అయినట్టున్నాయి. చక్రం సందులోంచి వేలు పెట్టి క్యాలిపర్ మీద పానా గీరిన చోట మిగిలిన ఎర్ర రంగు అద్దాడు. బయటి నుంచి చూసేవాడికి నిన్నటి కారే.

తర్వాత సబ్బుపొడితో చేతులు కడుక్కున్నాడు, గోళ్ల సందుల్లో కూడా. గోడకు ఉన్న తన సంచీ తీసి, కాలిన నాలుగు ప్యాడ్లు పేపరుతో సహా అందులో వేసుకున్నాడు. అవి ఇక్కడ ఉంటే ఎవరో ఒకరు మళ్లీ బిగిస్తారు. నేనే బిగిస్తాను, చెప్తే. వెనక గదిలోంచి దుప్పటి, ఇంకో చొక్కా తెచ్చి అవీ వేసుకున్నాడు. కారు తాళం మేకుకు తగిలించాడు. అప్పుడు తెలిసింది, ఇది ఏడో రోజు ప్రయాణం కాదని, కాల్చి బిగించే షెడ్డులో ఇక ఆయన చెయ్యి పెట్టడని.

"అన్నా, తండాకేనా? మళ్ల వస్తవా?" అన్నాను.

షట్టరు కింద నుంచి వంగి బయటికి పోయాడు. మంచులో తొర్రూరు బస్సు హారన్ వినపడింది, ఆగిన చప్పుడు వినపడింది, మళ్లీ కదిలిన చప్పుడు వినపడింది.

ఆరున్నరకు ధీరజ్ తెల్ల చొక్కాలో ఇద్దరు దోస్తులతో వచ్చాడు. వెనకే సారయ్య. ధీరజ్ కారు తీసి రోడ్డెక్కించి, ఒక్క ఊపున తోలి, మంచులోంచి గేదె అడ్డం వస్తే గట్టిగా తొక్కాడు. కారు గేదెకు ఇంకా నాలుగు గజాలు ఉండగానే ఆగింది.

"చూసినవా సారన్న? రేసు ప్యాడ్లంటే గిట్లుంటయి!" అని అరిచి వెళ్లిపోయాడు.

సారయ్య మీసం దువ్వుకుని లోపలికి వచ్చాడు. మూలన రాయి ఖాళీగా ఉంది. "సేవ్యా ఏడిరా?"

"తెల్వదు."

"గదికి పోయి చూసిరా."

పోయి చూసినట్టు పోయి వచ్చాను. బట్టలు కూడా లేవని చెప్పాను. సారయ్య గట్టిగా నవ్వాడు. ఆ రోజు షెడ్డుకు వచ్చిన ప్రతి ఒక్కడికీ అదే చెప్పాడు. నూనె ప్యాడ్లు కాల్చి బిగిస్తే గేదె ముందు గోడలా ఆగిందని, అది తట్టుకోలేక, ముఖం చెల్లక నాయక్ చెప్పకుండా పారిపోయాడని. వాళ్లు విని నవ్వారు. ప్రతిసారీ సారయ్య నా వైపు తిరిగి, "బిగించినోడు వీడే, అడుగున్రి," అన్నాడు.

వాళ్లు అడిగారు. అవునని తల ఊపాను.